ఇంటి మురుగు గొట్టం మార్చాలంటే... పైపు ధర కొంతే, తవ్వకం భారం కొండంత

మరుగుదొడ్డిలో పోసిన నీరు దిగకుండా నిలిచిపోవడం, కింది అంతస్తు స్నానాలగదిలో పైఅంతస్తు మురుగు పైకి తన్నడం, పెరటిలో ఎండాకాలం కూడా ఆరని తడి మచ్చ... ఈ మూడింటిలో ఏ ఒక్కటి కనిపించినా గృహయజమాని మొదట ఆశ్రయించేది వీధిలోని మేస్త్రీనే. ఆయన వచ్చి చూసి, గుత్తకు ఒక మొత్తం చెబుతాడు. అది న్యాయమైనదో కాదో తేల్చుకునే ఆధారం యజమాని వద్ద ఉండదు. బేరమాడి పదో పరకో తగ్గించి పని అప్పగిస్తాడు. ఆ తగ్గింపు మేస్త్రీ జేబులోంచి కాక, భూమిలో పాతిపెట్టే గొట్టం మందం నుంచో, కందకం లోతు నుంచో వస్తుందన్న సంగతి రెండు వానాకాలాలు గడిచాక గాని బయటపడదు.

పాత మురుగు గొట్టాన్ని తీసి కొత్తది వేయడానికి ఎంత ఖర్చవుతుందన్న ప్రశ్నకు ఒక్క అంకెతో సమాధానం చెప్పడం సాధ్యం కాదు. ఆ అంకె ఎలా తయారవుతుందో మాత్రం చెప్పవచ్చు. పట్టణాల్లోని గృహస్థులకు ఉపయోగపడేలా ఆ వివరాలు ఇవి.

ఎవరి భాగం ఎంత?

ఇంటినుంచి బయలుదేరే మురుగు మార్గాన్ని మూడు ముక్కలుగా చూడాలి. మొదటిది ఇంటి గోడ నుంచి ప్రహరీ వరకు ఉన్న గొట్టం. ఇది పూర్తిగా యజమానిదే. రెండోది ప్రహరీ దాటి వీధిలోని మ్యాన్‌హోల్ వరకు సాగే అనుసంధానం. నేల ప్రభుత్వానిది, గొట్టం మాత్రం సాధారణంగా ఇంటివారి ఖర్చుతోనే పడుతుంది. రోడ్డు కోయడానికి పురపాలక సంఘం అనుమతి, రోడ్డు పునరుద్ధరణ రుసుము తప్పనిసరి. మూడోది వీధి పొడవునా ఉండే ప్రధాన గొట్టం. దాని బాధ్యత స్థానిక సంస్థది. హైదరాబాద్‌లో ఈ బాధ్యతను 1989లో ఏర్పడిన జలమండలి చూస్తోంది.

ఈ విభజన తెలియకపోవడం వల్ల జరిగే నష్టం తక్కువేమీ కాదు. వీధి మ్యాన్‌హోల్ నిండి ఉన్నప్పుడు ఇంట్లో మురుగు తన్నుతుంది. అప్పుడు ఇంటి గొట్టం మార్చినా ఫలితం శూన్యం. కనుక ముందుగా వీధి మ్యాన్‌హోల్ పరిస్థితి కనుక్కోవాలి. ఇరుగుపొరుగు ఇళ్లలోనూ అదే బాధ ఉంటే అది పురపాలక సంఘానికి ఫిర్యాదు చేయవలసిన విషయమే తప్ప మేస్త్రీని పిలవవలసినది కాదు.

మన రాష్ట్రాల్లో భూగర్భ మురుగునీటి వ్యవస్థ లేని పట్టణాలు ఇంకా ఎక్కువే. 1908 సెప్టెంబరులో మూసీ వరద ముంచెత్తిన తరువాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో హైదరాబాద్ మురుగు పారుదలకు ప్రణాళిక వేయించుకుంది. 1930లలో అక్కడ ఆ వ్యవస్థ అమల్లోకి వచ్చింది. జిల్లా పట్టణాలకు ఆ భాగ్యం చాలాకాలం దక్కలేదు. ఇలాంటిచోట ఇంటి గొట్టం చేరేది పెరటిలోని సెప్టిక్ ట్యాంకుకే. ట్యాంకులోని మడ్డిని రెండు మూడేళ్లకోసారి తోడించాలి. పదేళ్లుగా మూత తీయని ట్యాంకు నిండిపోయి నీరు వెనక్కి తన్నుతుంటే గొట్టం పగిలిందని భ్రమపడటం సర్వసాధారణం. తోడింపు యంత్రాన్ని పిలిపిస్తే తీరే సమస్యకు నేలంతా తవ్వించుకున్న ఇళ్లు ప్రతి పేటలోనూ కనిపిస్తాయి.

తవ్వే ముందు తేల్చుకోవాల్సింది

గడ్డపార నేలకు తగలకముందు ఒక పూట పరీక్షలకు కేటాయించాలి. ఇంటి ఆవరణలోని ఛాంబర్ల మూతలన్నీ తెరిపించాలి. పైనున్న మరుగుదొడ్డిలో రెండు బకెట్ల నీరు ఒక్కసారిగా పోసి ఏ ఛాంబరు దాకా సాఫీగా వస్తోందో, ఎక్కడ ఆగుతోందో గమనించాలి. నిండి ఉన్న ఛాంబరుకు, ఖాళీగా ఉన్న దాని తరువాతి ఛాంబరుకు మధ్యే అడ్డంకి ఉన్నట్లు లెక్క. రెండు మరుగుదొడ్లు ఉన్న ఇంట్లో ఒక్కటే మొరాయిస్తే దోషం దాని కొమ్మ గొట్టంలో ఉంది. అన్నీ ఒకేసారి మొరాయిస్తే ప్రధాన గొట్టంలో ఉంది.

అడ్డంకి వేరు, పగులు వేరు. వంటింటి జిడ్డు గడ్డకట్టినా, గుడ్డపీలికలు, శానిటరీ ప్యాడ్లు చిక్కుకున్నా వెదురు బద్దలతోనో, ఇనుప చుట్టతోనో, నీటి పీడన యంత్రంతోనో తొలగించవచ్చు. దీనికి అయ్యేది గొట్టం మార్పిడి ఖర్చులో చిన్న భాగం. శుభ్రం చేసిన కొద్ది వారాలకే అదే చోట మళ్లీ అడ్డు తగిలితే మాత్రం అక్కడ గొట్టం కుంగిందనో, అతుకు విడిపోయిందనో, రావి, మర్రి వంటి చెట్టు వేళ్లు లోపలికి చొచ్చుకొచ్చాయనో అనుమానించాలి. బట్టలకు పెట్టే నీలిమందు కలిపిన నీటిని పైనుంచి వదిలి, అది కింది ఛాంబరుకు ఎంత చేరుతోందో చూడటం చవకైన పరీక్ష. పోసిన నీటిలో సగం కూడా రాకపోతే మిగతాది భూమిలోకి పోతున్నట్టే. పెద్ద నగరాల్లో గొట్టంలోకి కెమెరా పంపి చూపేవారు ఉన్నారు. వారికి ఇచ్చే రుసుము దండగ అనిపించవచ్చు గాని, అరవై అడుగులు తవ్వవలసిన చోట పది అడుగులతో సరిపెట్టగల సమాచారం దానివల్ల దొరుకుతుంది.

ఒకే చోట పగిలితే ఆ ముక్క మార్చడం చాలు. పాత స్టోన్‌వేర్ గొట్టాలు వేసిన ఇంట్లో రెండు మూడు చోట్ల అతుకులు విడిచినప్పుడు మాత్రం ముక్కలు మార్చుకుంటూ పోవడం వృథా. కాల్చిన మట్టితో చేసి పైన గాజులాంటి మెరుపు పూత పూసిన ఈ గొట్టాలు స్వతహాగా చాలాకాలం మన్నేవే. బలహీనత వాటి సిమెంటు అతుకుల్లో ఉంది. నేల కాస్త కదిలినా అతుకు చిట్లుతుంది. ఒకటి చిట్లిందంటే అదే రోజున అదే మేస్త్రీ వేసిన మిగతావీ అదే దారిలో ఉన్నట్టు భావించాలి.

వాటం తప్పితే ఎంత పెట్టినా వృథా

ఈ మొత్తం వ్యవహారంలో ప్రాణం వంటిది వాటం. నాలుగు అంగుళాల గొట్టానికి 40 అడుగులకు ఒక అడుగు, ఆరు అంగుళాల గొట్టానికి 60 అడుగులకు ఒక అడుగు పల్లం ఉండాలన్నది ప్లంబింగ్‌లో చిరకాలంగా పాటిస్తున్న లెక్క. గొట్టం వ్యాసాన్ని అంగుళాల్లో తీసుకొని పదితో హెచ్చిస్తే వచ్చే అంకె ఇదే. వాటం తక్కువైతే మలం గొట్టంలోనే పేరుకుపోతుంది.

ఇక్కడే మన పట్టణాలకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. పాత రోడ్డును తవ్వి తీయకుండా దానిపైనే మరో పొర, దానిపై ఇంకో పొర వేస్తూ పోవడం వల్ల ముప్పై ఏళ్లనాటి ఇళ్ల గుమ్మాలు వీధికన్నా కిందికి చేరాయి. వీధి కాలువలూ రోడ్డుతోపాటు ఎత్తు పెరిగాయి. ఇల్లు కట్టిన రోజున చక్కగా పల్లానికి పారిన గొట్టం నేడు దాదాపు సమతలంగానో, కొన్నిచోట్ల ఎదురు వాటంతోనో ఉంటోంది. ఇటువంటిచోట పాత గొట్టం స్థానంలో అదే లోతులో కొత్త గొట్టం వేస్తే కొత్త గొట్టంలోనూ మురుగు నిలుస్తుంది. డబ్బు భూమిలో పోసినట్టే.

కాబట్టి మేస్త్రీ ధర చెప్పకముందే లెవెల్ ట్యూబుతో రెండు కొలతలు తీయించాలి. ఇంటి వద్ద గొట్టం అడుగు ఏ మట్టంలో ఉంది? వీధి మ్యాన్‌హోల్‌లో లేదా సెప్టిక్ ట్యాంకు ముఖద్వారంలో గొట్టం చేరవలసిన మట్టం ఎంత? ఈ రెండింటి తేడా, గొట్టం పొడవుకు కావలసిన పల్లంకన్నా తక్కువైతే గొట్టం మార్పిడి ఒక్కటే పరిష్కారం కాదు. మరుగుదొడ్డి నేల ఎత్తు పెంచడమో, ట్యాంకు స్థానం మార్చడమో, మురుగును తోడే పంపు అమర్చడమో ఆలోచించవలసి ఉంటుంది. నీళ్లు నింపిన పారదర్శక గొట్టంతో పావుగంటలో తేలే ఈ విషయాన్ని అడిగే యజమానులు తక్కువ, అడగకుండా చేసే మేస్త్రీలు ఇంకా తక్కువ.

ఏ గొట్టం వేయాలి?

నేడు కొత్తగా వేస్తున్నవి ఎక్కువగా పీవీసీ గొట్టాలే. అయితే దుకాణంలో చూపే ప్రతి పీవీసీ గొట్టమూ భూమిలో వేయదగినది కాదు. ఇంటి గోడల వెంబడి మురుగు దింపే గొట్టాలకు భారత ప్రమాణం ఐఎస్ 13592. ఇందులో టైప్ ఎ గాలి గొట్టాలకు, వాననీటికి ఉద్దేశించినది. మలమూత్రాలు, వాడుకనీరు పారించడానికి టైప్ బి. భూమిలో పాతే మురుగు గొట్టాలకు వేరుగా ఐఎస్ 15328 ఉంది. పైనున్న మట్టి బరువును, వాహనాల ఒత్తిడిని తట్టుకునే బిగువును బట్టి వీటిని ఎస్‌ఎన్ 2, ఎస్‌ఎన్ 4, ఎస్‌ఎన్ 8 అని వర్గీకరించారు. అంకె పెరిగినకొద్దీ బిగువు ఎక్కువ. ఈ గుర్తులు గొట్టంపైనే ముద్రించి ఉంటాయి. కారు ఎక్కే గేటు వద్ద, రోడ్డు దాటే చోట బిగువు ఎక్కువ ఉన్నవే వేయించి, లోతు చాలకపోతే చుట్టూ కాంక్రీటు పోయించాలి.

ఒక మరుగుదొడ్డి ఉన్న చిన్న ఇంటికి నాలుగు అంగుళాల గొట్టం, అంటే దుకాణం భాషలో 110 మిల్లీమీటర్లది సరిపోతుంది. రెండు మూడు కుటుంబాలు ఉండే ఇంటి ప్రధాన గొట్టానికి ఆరు అంగుళాలది, అంటే 160 మిల్లీమీటర్లది వేయడం మేలు.

లెక్క ఇలా

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇంటినుంచి ప్రహరీ వరకు 45 అడుగులు, అక్కడి నుంచి రోడ్డులోని మ్యాన్‌హోల్ వరకు 15 అడుగులు, మొత్తం 60 అడుగుల ఆరంగుళాల గొట్టం మార్చాలి. ఆవరణలో టైల్స్ పరిచి ఉన్నాయి. రోడ్డు ఆవరణకన్నా అడుగు ఎత్తులో ఉంది. ఈ దిగువ వాడిన రేట్లు లెక్క పద్ధతి తెలియడానికి ఊహించి వేసుకున్నవి మాత్రమే. ఊరికీ ఊరికీ, దుకాణానికీ దుకాణానికీ మార్పు ఉంటుంది. పాఠకులు తమ ఊరి రేట్లను వీటి స్థానంలో వేసుకోవాలి.

గొట్టాలు మూడు మీటర్ల ముక్కలుగా వస్తాయి. 60 అడుగులంటే 18.3 మీటర్లు, ఒకదానిలో ఒకటి దూరే భాగం, కోతలు కలిపి ఏడు ముక్కలు కావాలి. ఒక్కొక్కటి రూ.1,800 అనుకుంటే రూ.12,600. వంపులు, రబ్బరు రింగులు వంటి విడిభాగాలకు రూ.4,000. ఇటుకతో కట్టి లోపల నునుపుగా సిమెంటు పూసి మూత పెట్టే ఛాంబర్లు మూడు, ఒక్కోదానికి రూ.6,000 చొప్పున రూ.18,000.

తవ్వకం విషయానికి వస్తే, కందకం వెడల్పు రెండు అడుగులు. ఆవరణలో సగటు లోతు రెండున్నర అడుగులు, రోడ్డులో నాలుగు అడుగులు. మొదటి భాగంలో 225 ఘనపుటడుగులు, రెండో భాగంలో 120, వెరసి 345 ఘనపుటడుగుల మట్టి తీయాలి, తిరిగి పూడ్చాలి. ఇందుకు 12 కూలి దినాలు, రోజుకు రూ.800 వంతున రూ.9,600. ప్లంబరు, మేస్త్రీ చెరి నాలుగు రోజులు, రోజుకు రూ.1,200 చొప్పున మరో రూ.9,600. గొట్టం కింద పరిచే ఇసుక, మిగులు మట్టి, పెంకుల తరలింపునకు రూ.6,000.

పగలగొట్టిన టైల్స్ తిరిగి పరచడం చాలామంది మరిచిపోయే పద్దు. కందకం రెండు అడుగులే అయినా అంచులు చెదరడం వల్ల రెండున్నర అడుగుల వెడల్పున నేల పోతుంది. 45 అడుగుల పొడవుకు 112.5 చదరపు అడుగులు. అడుగుకు రూ.150 అనుకుంటే సుమారు రూ.16,900. రోడ్డు కోతకు, పునరుద్ధరణకు పురపాలక సంఘానికి కట్టే సొమ్ము రూ.10,000 అనుకుందాం. సిమెంటు రోడ్డా, తారు రోడ్డా, కంకర రోడ్డా అన్నదాన్ని బట్టి ఇది మారుతుంది.

అన్నీ కలిపితే రూ.86,700. ఇందులో గొట్టం ధర రూ.12,600 మాత్రమే, అంటే మొత్తంలో సుమారు ఏడో వంతు. ‘తక్కువ రకం గొట్టం వేద్దాం, ముక్కకు ఆరు వందలు మిగులుతాయి’ అని ఎవరైనా సలహా ఇస్తే, మొత్తం మీద మిగిలేది రూ.4,200. అయిదు శాతం కూడా కాదు. ఆ గొట్టం నాలుగేళ్లకే నలిగిపోతే మళ్లీ పెట్టవలసింది గొట్టం ధర కాదు, మిగిలిన రూ.74,000 కూడా.

నిజంగా ఆదా చేయదలిస్తే చూడవలసింది గొట్టం దారి. టైల్స్ ఉన్న ముంగిలి కింద నుంచి కాక ఇంటి పక్కనున్న మట్టి సందు గుండా మళ్లిస్తే 15 అడుగుల పొడవు పెరుగుతుంది అనుకుందాం. మరో రెండు గొట్టాలకు రూ.3,600, అదనపు తవ్వకానికి సుమారు రూ.2,000, మలుపులో ఒక ఛాంబరుకు రూ.6,000, వెరసి రూ.11,600. టైల్స్ పద్దు రూ.16,900 తప్పిపోతుంది. రూ.5,300 మిగలడమే కాదు, భవిష్యత్తులో మరమ్మతు వస్తే మళ్లీ నేల పగలగొట్టే అవసరం ఉండదు. అయితే పెరిగిన 15 అడుగులకు మూడు అంగుళాల పల్లం అదనంగా కావాలి; అంత మట్టం ఉంటేనే ఈ దారి పనికొస్తుంది.

గత సంవత్సరాల అంచనా కాగితాలు చేతిలో ఉన్నవారు ఒక మార్పు గమనించాలి. సిమెంటుపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది.

నేల స్వభావం

పై లెక్క మెత్తని నేలకు. హైదరాబాద్ వంటి రాతి నేలలో రెండు అడుగులు దాటగానే బండ తగిలితే యంత్రంతో బద్దలు కొట్టించాలి. తవ్వకం పద్దు కొన్ని రెట్లు పెరగవచ్చు. అందుకే గుత్త ఒప్పందంలో ‘రాయి పడితే వేరే’ అన్న మాట మేస్త్రీలు ముందే అనేస్తారు. ఆ ‘వేరే’ ఎంతో కూడా ముందే రాయించుకోవాలి. నల్లరేగడి నేల ఎండకు నెర్రెలు విచ్చి, వానకు ఉబ్బి గొట్టాన్ని కదిలిస్తుంది. ఆ నేలలో తీసిన మట్టినే మళ్లీ గొట్టం చుట్టూ కప్పకుండా ఇసుక పోయాలి. గోదావరి, కృష్ణా డెల్టాల్లో మూడు నాలుగు అడుగులకే ఊట నీరు వస్తుంది. పంపుతో తోడుతూ పని చేయవలసి రావడం వల్ల అద్దె, డీజిలు కలుస్తాయి. ఇటువంటిచోట ఏప్రిల్, మే నెలల్లో పని పెట్టుకుంటే భూగర్భ జలం దిగి ఉంటుంది గనుక ఖర్చూ, బాధా తగ్గుతాయి.

పని జరిగే మూడు నాలుగు రోజులూ ఇంట్లో మరుగుదొడ్డి వాడకూడదు. వృద్ధులు, చిన్నపిల్లలు, గర్భిణులు ఉన్న ఇళ్లలో దీనికి ముందే ఏర్పాటు ఉండాలి. ఇరుగుపొరుగు సహకరిస్తే సరే, లేకుంటే ఇదీ ఖర్చు కిందే లెక్క.

మంచినీటి గొట్టం జాగ్రత్త

మురుగు గొట్టం పగిలితే దుర్వాసన ఒక్కటే సమస్య కాదు. మన పట్టణాల్లో కుళాయి నీరు రోజంతా రాదు. నీరు వదలని గంటల్లో మంచినీటి గొట్టంలో ఒత్తిడి ఉండదు. చుట్టూ మురుగు నిలిచి ఉండి, మంచినీటి గొట్టానికి చిల్లు ఉంటే ఆ మురుగు లోపలికి చేరుతుంది. మరునాడు అదే కుళాయిలో వస్తుంది. 2009 మేలో హైదరాబాద్‌లోని భోలక్‌పూర్‌లోను, 2018 మార్చిలో గుంటూరులోను కలుషిత నీటివల్ల వాంతులు, విరేచనాలు ప్రబలి పలువురు మరణించారు.

కొత్త గొట్టం వేసేటప్పుడు మంచినీటి గొట్టం పైన, మురుగు గొట్టం కింద ఉండాలి. రెండూ ఒకే కందకంలో పడకూడదు. ఒకదాన్నొకటి దాటక తప్పని చోట మురుగు గొట్టానికి అతుకు రాకుండా నిండు ముక్క వేసి చుట్టూ కాంక్రీటు పోయించాలి. ఆవరణలో బోరు లేదా బావి ఉంటే వీలైనంత దూరంగా మళ్లించాలి. తవ్వకంలో పాత మంచినీటి గొట్టం బయటపడితే అది తుప్పుపట్టిందేమో చూసి అదే అదనులో మార్చుకోవడం వివేకం. తవ్వకం ఖర్చు అప్పటికే పెట్టేశారు గదా.

డాబా మీది వాననీటి గొట్టాన్ని మురుగు గొట్టంలో కలిపే అలవాటు కూడా మానాలి. వాన కురిసినప్పుడు ఇంట్లోకి మురుగు తన్నడానికి ఇదొక ముఖ్య కారణం. వాననీటికి ఇంకుడు గుంత తవ్వించడం ఉత్తమం.

మనిషిని దించడం నేరం

ఖర్చు తగ్గించుకునే ఆత్రంలో జరుగుతున్న అన్నిటికన్నా ఘోరమైన పని సెప్టిక్ ట్యాంకులోకో, మ్యాన్‌హోల్‌లోకో మనిషిని దించడం. మూసి ఉన్న ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ వాయువులు పేరుకుని ఉంటాయి. మొదట కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే వాసన తెలిసే శక్తినే చంపేస్తుంది. ‘వాసన పోయింది, ఇక భయం లేదు’ అనుకున్న క్షణంలోనే స్పృహ తప్పుతుంది. అతణ్ని కాపాడబోయి వెంట దిగిన రెండోవాడు, మూడోవాడు కూడా మరణించిన ఉదంతాలు జిల్లా పేజీలు చదివేవారికి కొత్త కాదు. మూత తెరిచి గంటసేపు వదిలేస్తే చాలన్నది నమ్మదగిన మాట కాదు; మడ్డిని కదిలించగానే అడుగున చిక్కుకున్న వాయువు ఒక్కసారిగా వెలువడుతుంది.

2013 నాటి పాకీపని నిషేధ, పునరావాస చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మురుగు గొట్టాల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో మనిషిచేత శుభ్రం చేయించడం నేరం. ఈ నిషేధం అధికారులకు, గుత్తేదారులకే కాదు, పని చేయించుకునే ప్రతి వ్యక్తికీ వర్తిస్తుంది. మొదటిసారి నేరానికి రెండేళ్ల వరకు జైలు లేదా రూ.2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే అయిదేళ్లు, రూ.5 లక్షల వరకు. మురుగు గొట్టాల్లో మరణించినవారి కుటుంబాలకు రూ.10 లక్షలు చెల్లించాలని 2014 మార్చిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని రూ.30 లక్షలకు పెంచింది. తోడింపు యంత్రం అద్దె ఎక్కువైందని దినకూలీని ట్యాంకులోకి దింపే యజమాని ఎవరి ప్రాణంతో బేరమాడుతున్నాడో వేరే చెప్పనక్కరలేదు.

కందకంలోనూ ప్రమాదం ఉంది. నాలుగైదు అడుగుల లోతు దాటినప్పుడు, ముఖ్యంగా ఇసుక నేలలో, తడి నేలలో పక్కలు కూలకుండా చెక్కలు, కర్రలతో ఆనిక పెట్టించాలి. తీసిన మట్టిని అంచునే కుప్ప పోయకుండా దూరంగా వేయించాలి. రాత్రిపూట రోడ్డు మీది కందకానికి అడ్డు కట్టి దీపం పెట్టాలి.

ఒప్పందంలో ఏం రాయాలి?

నోటిమాట ఒప్పందాల వల్లనే తగాదాలు వస్తున్నాయి. తెల్లకాగితంపైనైనా సరే గొట్టం పొడవు, వ్యాసం, దానిపై ఉండవలసిన ప్రమాణం గుర్తు, రెండు చివరల లోతు, ఛాంబర్ల సంఖ్య రాసుకుని ఇరువురూ సంతకం చేయాలి. రోడ్డు అనుమతి ఎవరు తెస్తారు, మిగులు మట్టి ఎవరు ఎత్తిస్తారు, టైల్స్ తిరిగి ఎవరు పరుస్తారు అన్నవి స్పష్టంగా ఉండాలి. ‘ఎల్లాం కలిపి’ అన్న మాటలో ఏమేమి కలిశాయో పని అయ్యాక తేల్చుకోవడం కష్టం. బయానా ఇవ్వక తప్పదు గాని, కూలి మొత్తంలో కొంత భాగాన్ని నీటి పరీక్ష అయ్యేదాకా నిలిపి ఉంచాలి. గొట్టాలు యజమాని స్వయంగా కొని బిల్లు తీసుకుంటే రకంపై అనుమానం ఉండదు.

పట్టణంలో భూగర్భ మురుగునీటి పథకం మంజూరై ఉందేమో ముందుగా పురపాలక కార్యాలయంలో విచారించాలి. 2015లో మొదలైన అమృత్, 2021లో ప్రారంభమైన దాని రెండో దశ కింద పలు పట్టణాల్లో ఇటువంటి పనులు చేపట్టారు. మీ వీధికి ప్రధాన గొట్టం రానున్నదని తెలిస్తే కొత్త గొట్టాన్ని ఆ వైపునకే వాటం పెట్టి, ప్రహరీ లోపల ఒక ఛాంబరుతో ఆపుకోవచ్చు. లేకుంటే రెండేళ్లలో రెండుసార్లు తవ్వుకోవలసి వస్తుంది. అనుమతి లేకుండా రాత్రికి రాత్రి రోడ్డు కోసేవారికి జరిమానాతోపాటు, అడ్డదిడ్డంగా పూడ్చిన గోతిలో ఎవరైనా పడితే ఆ బాధ్యతా తప్పదు.

పూడ్చే ముందు

గొట్టం బిగించగానే మట్టి కప్పేయడానికి మేస్త్రీలు తొందరపడతారు. ఒప్పుకోకూడదు. కింది చివర బిరడా బిగించి, పై ఛాంబరు దాకా నీరు నింపి అరగంట ఉంచాలి. నీటి మట్టం దిగకపోతే, అతుకుల వద్ద చెమ్మ కనిపించకపోతే పని సరిగా ఉన్నట్టు. ఆ తరువాత బిరడా తీసి పైనుంచి ఒక బకెట్ నీరు వదిలి, ఎక్కడా ఆగకుండా కిందికి చేరుతోందో లేదో చూడాలి. గొట్టం చుట్టూ రాళ్లు, ఇటుక పెంకులు లేకుండా ఇసుకగాని మెత్తని మట్టిగాని వేసి, అరడుగు చొప్పున పొరలుగా పూడుస్తూ ప్రతి పొరనూ తడిపి దిమ్మిస కొట్టించాలి. ఒకేసారి మట్టి నింపేస్తే మొదటి వానకే నేల కుంగి, కొత్తగా పరిచిన టైల్స్ లేచిపోతాయి.

పూడ్చకముందే కందకం పక్కన కొలత టేపు పరిచి నాలుగు ఫొటోలు తీసుకోవాలి. ఇంటి మూల నుంచి గొట్టం ఎన్ని అడుగుల దూరంలో, ఎంత లోతులో పోతోందో, ఛాంబర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో ఒక కాగితంపై గీయించి, గొట్టాల బిల్లు, రోడ్డు కోత రసీదులతో కలిపి ఇంటి దస్తావేజుల్లో భద్రపరచాలి. రేపు బోరు వేయించినా, గది కట్టించినా, ఇల్లు అమ్మినా మొదట అడిగేది ఆ కాగితాన్నే.